మెరక కాలనీకి నీళ్ళొచ్చిన పూట

అంకారావు మేనేజరుగారు టీ తెప్పించిన రోజునే గ్లోరికి అనుమానం తగిలింది.

తిరువూరు మున్సిపల్ ఆఫీసులో ఆయన ఇప్పించిన టీ తాగినవాళ్ళు ఎవరూ లేరు. తనకు తెప్పించుకున్న టీ తనే తాగి, ఖాళీ గ్లాసు కిటికీలో పెట్టి, అప్పుడు తలెత్తి 'ఆఁ, చెప్పండి' అంటాడు. అలాంటి మనిషి గ్లోరి లోపలికి రాగానే కుర్చీ చూపించాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. మే నెల ఎండలో పడి తిరుగుతున్నావని జాలిపడ్డాడు. పైగా టీ. గ్లోరి కుర్చీ చివర కూర్చుని గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. పైన మీగడ కట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

గ్లోరి వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ. పేరు ఘనంగానే ఉంటుంది. పని మాత్రం కుళాయిలు, కాలవలు, వీధి దీపాలు. ఎక్కడ నీళ్ళు రాకపోయినా, ఎక్కడ మురుగు పొంగినా ముందు తిట్లు తినేది ఆమే. స్కూటీ మీద వీధులన్నీ తిరిగి తిట్లు తిని, ఆఫీసుకొచ్చి అంకారావు దగ్గర మిగిలినవి తినడం ఆమెకు అలవాటైపోయింది. టీ మాత్రం అలవాటు లేదు.

సంగతేమిటంటే, పరదేశంలో ఎక్కడో ఒక సంస్థ ఉందట. చిన్న ఊళ్ళలో జనానికి అందవలసిన పనులు, నీళ్ళు, దీపాలు, చెత్త లాంటివి, సరిగ్గా అందడం లేదని ఆ ఊరివాళ్ళే ఒప్పుకుని సాయం అడిగితే, తమ నిపుణుల్ని పంపుతుందట. వాళ్ళొచ్చి కొన్ని నెలలు ఇక్కడే ఉండి, లోపం ఎక్కడుందో పట్టుకుని, పనిచేసే తీరు మార్చి, మనవాళ్ళకు నేర్పించి పోతారు. డబ్బివ్వరు, డబ్బడగరు. దానికి దరఖాస్తు ఇంగ్లీషులో రాయాలి. కొత్తగా వచ్చిన కమిషనర్ సుప్రజగారు ఆ పని గ్లోరికి అప్పగించమన్నారు. గ్లోరి మైలవరంలో ఇంజనీరింగ్ చదివింది కాబట్టి రాయగలదన్నారు.

"రాసినవాళ్ళ పేరు, ఫోన్ నంబరు కూడా వెయ్యాలంటమ్మా. నీదే వేసెయ్," అన్నాడు అంకారావు, టీ తాగమన్నట్టు చెయ్యి చూపిస్తూ.

అక్కడే గ్లోరి అనుమానం గట్టిపడింది. పంద్రాగస్టుకు ప్రశంసా పత్రాలిచ్చేటప్పుడు మొదటి పేరు ఆయనది. సంతకం పెట్టి ఇరుక్కునే కాగితం వచ్చినప్పుడు మాత్రం ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వస్తాడు. ఇప్పుడు తన పేరు వద్దంటున్నాడంటే ఇందులో ఏదో ఉంది. ఏముందో తెలియక, వద్దనే ధైర్యమూ లేక, గ్లోరి సరేనండి అని లేచింది.

ఆ రోజంతా ఆఫీసులో ఇదే గోల. ఊరికే వచ్చి పనిచేసిపెట్టడానికి వాళ్ళేమన్నా మన మేనమామలా అన్నారొకరు. కుళాయిలకు మీటర్లు బిగించడానికే వస్తున్నారని ఇంకొకరు తేల్చేశారు. మన ఊరి లెక్కలన్నీ పట్టుకుపోయి ఎవరికో అమ్ముకుంటారన్నది మూడో మాట. ఉచితంగా వచ్చేదాని మీద తిరువూరు వాళ్ళకు ఎప్పుడూ నమ్మకం తక్కువే, ఆఫీసు వాళ్ళకు మరీ తక్కువ. గ్లోరి కంప్యూటరు ముందు కూర్చుని, అందరి మాటలూ ఒక చెవిన వింటూ, దరఖాస్తు తెరిచింది.

మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. మీ ఊళ్ళో ఏ సేవ సరిగా అందడం లేదు, దానికి రుజువేమిటి అని అడిగారు.

రుజువు ఎక్కణ్ణుంచి తేవాలి? రికార్డు ప్రకారం తిరువూరులో కష్టమన్నదే లేదు. జనం పెట్టుకున్న ఫిర్యాదులన్నీ గడువులోగా పరిష్కారమైపోయి తెర మీద పచ్చగా మెరుస్తున్నాయి. జిల్లాలో మనమే ముందున్నామని అంకారావు గోడకు ఒక ఫ్రేము కూడా కట్టించాడు. ఆ పచ్చరంగు ఎలా వచ్చిందో గ్లోరికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మెరక కాలనీలో చిట్టెమ్మ ఇల్లు చివరిది. ట్యాంకు నుంచి బయల్దేరిన గొట్టం బజారు తిరిగి, కింది వీధులన్నీ తడిపి, ఆ మెరక ఎక్కేసరికి దానిలో సత్తువ ఉండదు. కుళాయి తిప్పితే గాలి బుసకొడుతుంది, అంతే. చిట్టెమ్మ మొగుడు ఏసోబుకు కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకుంటున్నాడు. బోరునీళ్ళు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చిట్టెమ్మ ఫిర్యాదు పెట్టించింది. అది గడువులోగా పరిష్కారం కాకపోతే తెర మీద ఎర్రగా మారుతుంది. ఎర్రబడితే జిల్లా నుంచి కమిషనరుకు చీవాట్లు, కమిషనరు నుంచి మేనేజరుకు చీవాట్లు, మేనేజరు నుంచి గ్లోరికి మెమో. అందుకని గడువు దగ్గరపడగానే అంకారావు ఫోన్ చేసేవాడు. నీళ్ళింకా ఎక్కలేదు సార్ అని గ్లోరి గొణిగితే, నీళ్ళ సంగతి తర్వాత, ముందది క్లోజ్ చెయ్యమ్మా అనేవాడు.

గ్లోరి వెళ్ళేది. వీధి మొదట్లో నీళ్ళొచ్చే కుళాయి ఒకటుంది. దాని ఫొటో తీసి ఎక్కించేది. తర్వాత చిట్టెమ్మ గుమ్మంలోకి వెళ్ళి, పెద్దమ్మా, నీ ఫోనుకు ఓటీపీ వచ్చింది చూడు అనేది. చిట్టెమ్మకు అక్షరం ముక్క రాదు. మారుమాట లేకుండా ఫోను తీసి గ్లోరి చేతిలో పెట్టేది. ఆ అంకెలు కొట్టగానే ఫిర్యాదు పచ్చబడేది. ఆ తర్వాత పై ఆఫీసు నుంచి ఫోను వస్తుందనీ, పని జరిగిందా అని అడుగుతారనీ, జరిగిందండి, సంతోషంగా ఉన్నాం అని చెప్పాలనీ గ్లోరే నేర్పింది. చిట్టెమ్మకే కాదు, కాలనీ అంతటికీ నేర్పింది. వాళ్ళు అప్పజెప్పిన పాఠం ఎన్నడూ తప్పలేదు. గ్లోరమ్మ మనమ్మాయి, ఆమెకు మాట రాకూడదు అనుకునేవాళ్ళు.

ఇక రుజువేం రాస్తుంది? అంకారావును అడిగితే ఆయన తేలిగ్గా చెప్పాడు. లోపమేమీ లేదు, అన్నీ బాగానే ఉన్నాయి, ఇంకా బాగుండాలని మా ఆకాంక్ష అని రాయమన్నాడు. గ్లోరి అలాగే రాసింది. రాసి చదువుకుంటే తనకే నవ్వొచ్చింది. ఏ రోగమూ లేదు గాని డాక్టర్ని పంపండి అన్నట్టుంది. ఇలా రాస్తే వాళ్ళు రారు. రాకూడదనే ఆయన ఇలా చెప్పాడని ఆమెకు తోచింది. తోచాక ఇంకా భయమేసింది.

ఆ సాయంత్రం స్కూటీ మీద ఇంటికి పోతుంటే మెరక కాలనీ మలుపు దగ్గర ఏసోబు కనిపించాడు. డయాలసిస్ చేయించుకున్న రోజు. చేతికి గుడ్డపట్టీ ఇంకా తీయలేదు. సైకిలు వెనక నీళ్ళ క్యాను తాడుతో కట్టుకుని, ఎక్కి తొక్కే ఓపిక లేక, తోసుకుంటూ మెరక ఎక్కుతున్నాడు. నాలుగడుగులు వేసి, సైకిలును నడుముకు ఆనించుకుని, కాళ్ళు బిగబట్టి నిలబడి రొప్పుతున్నాడు. బరువులు మొయ్యొద్దని కూడా డాక్టరు చెప్పాడు. గ్లోరి స్కూటీ ఆపి పరుగెత్తి వెనకనుంచి తోసింది. ఎవరా అని ఏసోబు తిరిగి చూసి, నవ్వి, చిట్టెమ్మ మామిడికాయల కోతకు వినగడప పోయిందమ్మా, ఇంకా రాలేదు, అందుకని నేనే బయల్దేరా అన్నాడు. నీళ్ళు లేవన్న మాట ఆమెతో అనలేదు. అంటే ఆమెకు నామోషీ అనుకున్నాడేమో. ఆ మాట అనకపోవడమే గ్లోరిని కోసేసింది.

ఇంటికి పోయి స్నానం కూడా చెయ్యకుండా కూర్చుంది. అంతకుముందు రాసిందంతా తుడిచేసి, ఉన్నదున్నట్టు రాసింది. మెరక మీదికి నీళ్ళు ఎక్కవని, ఫిర్యాదు చేస్తే నీళ్ళు రాకుండానే పరిష్కారం అయిపోతుందని, ఫొటో ఎక్కడ తీస్తారో, ఓటీపీ ఎలా తీసుకుంటారో, ఫోనులో ఏం చెప్పమంటారో అంతా రాసింది. ఈ పద్ధతి మారితే తప్ప ఎన్ని గొట్టాలు వేసినా ప్రయోజనం లేదని ముగించి, కింద తన పేరు వేసుకుంది.

మర్నాడు కమిషనర్ సుప్రజగారు ఆ దరఖాస్తు ఆసాంతం చదివారు. చదువుతున్నంతసేపూ పెన్ను టోపీ తీస్తూ పెడుతూ ఉన్నారు. ఇదంతా నిజమేనా అని ఒకే ఒక్క మాట అడిగారు. నిజమేనండి అంది గ్లోరి. నేనీ ఊరు వచ్చి ఎన్నాళ్ళయిందని, అంతకుముందు సంగతులు నాకేం తెలుస్తాయి అని ఆమె తనలో తను అనుకుంటున్నట్టు అని, ఒక్క అక్షరం మార్చకుండా పంపించేశారు. కేకలేస్తారని వచ్చిన గ్లోరికి ఆ నిదానం అస్సలు నచ్చలేదు. తిట్టే అధికారిని నమ్మొచ్చు. తిట్టని అధికారి మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది?

దాని అర్థం అంకారావు విప్పి చెప్పాడు. వరండాలోకి పిలిచి, ఈసారి టీ లేకుండా, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఎంత పని చేశావమ్మా. ఆ ఫిర్యాదులన్నీ ఏ లాగిన్‌తో క్లోజ్ అయినయ్? నీ లాగిన్‌తో. రేపెవరన్నా అడిగితే మేడమ్ నేను కొత్తగా వచ్చానంటారు. నేను నోటి మాటగా చెప్పినవాణ్ణి, రాతలో ఎక్కడా లేను. మిగిలింది ఎవరు?"

ఆయన బెదిరిస్తున్నాడో, జాగ్రత్త చెబుతున్నాడో ఆ గొంతును బట్టి గ్లోరి పోల్చుకోలేకపోయింది. ఆ రాత్రి భర్త ప్రేమ్ కిరణ్ ఎందుకలా ఉన్నావని అడిగితే తలనొప్పి అంది.

వారం తిరక్కుండా కబురొచ్చింది. దరఖాస్తు పెట్టిన ఊళ్ళను చూసుకుంటూ ఆ సంస్థ తరఫున ఒకావిడ విజయవాడ దాకా వచ్చి ఉందట. ఎల్లుండి తిరువూరు వస్తుంది. ఆఫీసులో కూర్చోదట. నేరుగా మెరక కాలనీకే పోయి జనంతో మాట్లాడుతుందట. అక్కడ చూసింది, విన్నది బట్టి సాయం ఇవ్వాలో వద్దో రాస్తుంది. వెంట రావలసిన దుబాసీకి జ్వరం వచ్చింది కాబట్టి దరఖాస్తు రాసినావిడే మాటలు ఇంగ్లీషులో చెప్పాలని కూడా రాశారు.

మరుసటి సాయంత్రం గ్లోరి కాలనీకి వెళ్ళింది. మే మాసం మరియమాత నెల కావడంతో రోజుకొక ఇంట్లో జపమాల ప్రార్థన జరుగుతోంది. ఆ రోజు చిట్టెమ్మ ఇంట్లో. జపం అయిపోయి, అందరూ వరండాలో కూర్చుని శనగలు తింటున్నారు. ఏసోబు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. గ్లోరి చెప్పులు విప్పి వాళ్ళ మధ్యనే కూర్చుని విషయం చెప్పింది. రేపు ఒకావిడ వస్తుందనీ, ఈసారి ఎప్పటిలా చెప్పొద్దనీ, నీళ్ళు రావడం లేదని, ఫోన్లలో చెప్పినవన్నీ తను చెప్పించినవేనని ఉన్నదున్నట్టు చెప్పమనీ బతిమాలింది. అలా చెబితేనే మంచివాళ్ళు వచ్చి గొట్టాలు సరిచేసే దారి చూపిస్తారంది.

శనగలు నమిలే చప్పుడు ఆగింది. గుడిలో పాటలు ఎత్తుకునే శౌరయ్య ఆ కాలనీకి పెద్దదిక్కు. మీటర్లు పెడతారంటగా అని మెల్లగా అడిగాడు. పెట్టరని గ్లోరి చెప్పింది. ఇన్నాళ్ళూ బాగుందని చెప్పించి ఇప్పుడు బాగా లేదని చెప్పమంటే ఎట్లా కుదురుతుంది, ముందు చెప్పినవి అబద్ధాలని మామీద కేసు పెట్టరా అని ఒకామె అంది. పెట్టరని గ్లోరి చెప్పింది. తను చెప్పే ప్రతి 'పెట్టరు'కూ వాళ్ళ ముఖాలు ఇంకొంచెం మూసుకుపోతున్నట్టు కనిపించింది.

చిట్టెమ్మ ఒక్కతే ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నీకు ఎవరు చెప్పమన్నారే ఈ మాటలు?"

"ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా. నేనే చెబుతున్నా."

"ఆ అంకారావు కూడా వస్తాడా రేపు?"

వస్తారంది గ్లోరి. చిట్టెమ్మ తలాడించింది. సరేలే, నువ్వు ఇంటికి పో, చిక్కిపోయావు అని గుప్పెడు శనగలు కాగితంలో కట్టి ఇచ్చింది.

గ్లోరి స్కూటీ దాకా వెళ్ళి, తాళంచెవి అరుగు మీద మరిచానని వెనక్కి వచ్చేసరికి అక్కడ గుసగుసలు నడుస్తున్నాయి. ఆమె కనిపించగానే ఠక్కున ఆగిపోయాయి. శౌరయ్య పనిలేకపోయినా పైన దీపం వైపు చూశాడు. అవి తన గురించేనని గ్లోరికి తోచింది. ఇన్నాళ్ళూ వీళ్ళ చేత అబద్ధాలు ఆడించింది తను. ఆ కోపం ఎక్కడికి పోతుంది? రేపు ఆ పరదేశీ ముందు, అంకారావు ముందు, అంతా తనమీదే వేసి కడిగేస్తారు. కడిగితే మాత్రం తప్పేముంది, చెప్పమని అడిగింది తనే కదా. అలా సర్దిచెప్పుకుంటూనే, వాళ్ళు ఏమంటారోనని రాత్రంతా దొర్లింది. ఉద్యోగం పోతే పోయిందని ఒకసారి, పోతే ఎలాగని ఒకసారి అనుకుంది. తెల్లవారేసరికి మాత్రం ఒకటి నిశ్చయమైంది. వాళ్ళు ఎంత మాట అన్నా తను అక్షరం తప్పకుండా ఇంగ్లీషులో చెప్పి తీరాలి.

పొద్దున్నే కాలనీ మలుపు తిరిగిన గ్లోరి స్కూటీ కాలితో ఆపి నిలబడిపోయింది. మెరక మీదినుంచి కాలవలో నీళ్ళు పారుతున్నాయి. ప్రతి గుమ్మం ముందూ బిందెలు, బకెట్లు, డబ్బాలు నిండి ఉన్నాయి. ఆడవాళ్ళు దుప్పట్లు ఉతుకుతున్నారు. ఒకామె గేదెను కడుగుతోంది. చిట్టెమ్మ ఇంటి కుళాయి నోరంతా తెరుచుకుని ధారగా పోస్తోంది.

కింద వాల్వు గుంట దగ్గర ఫిట్టరు బాలశౌరి కనిపించాడు. వాల్వు తిప్పే పొడుగాటి ఇనపచెవి భుజాన పెట్టుకుని, గ్లోరిని చూడగానే అటు తిరిగిపోయాడు. ఆమెకు అర్థమైపోయింది. బజారు లైను, కింది వీధుల లైన్లు అన్నీ కట్టేసి, ఉన్న నీళ్ళన్నీ మెరకకు తిప్పారు. ఒక పూట ఊరంతా ఎండితే ఎండనీ, ఆవిడ వచ్చే వేళకు ఈ కుళాయిలో నీళ్ళుంటే చాలు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అంకారావు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి ఏమీ ఎరగనట్టు, నీళ్ళు బాగా వస్తున్నాయమ్మా అన్నాడు. ఒళ్ళు మండిపోయింది గ్లోరికి.

ఎ.కొండూరు మీదుగా కారొచ్చింది. దిగినావిడ పొట్టిగా, చామనఛాయగా, నెరిసిన జుట్టు ముడి వేసుకుని, పరదేశీ అనిపించకుండా ఉంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిందట. పేరు లూర్దెస్ అని చెప్పగానే, లూర్దుమాత పేరేనని కాలనీవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. లూర్దమ్మంట, మనవాళ్ళేనంట అని చిట్టెమ్మ అంది. కుర్చీ తుడిచి వేశారు. కూల్‌డ్రింకు తెచ్చారు. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. కుళాయి దగ్గరకు పోయి, వంగి, వేళ్ళతో ధారను పట్టి చూసింది. ఏమీ అనకుండా వచ్చి చిట్టెమ్మ పక్కన అరుగు మీదే కూర్చుంది.

నీళ్ళు ఎప్పుడెప్పుడు వస్తాయని అడిగింది. గ్లోరి తెలుగులో అడిగింది. అడుగుతూ చిట్టెమ్మ కళ్ళలోకి చూసి, నిన్న చెప్పింది గుర్తుంది కదా అన్నట్టు తల ఊపింది. చిట్టెమ్మ కూడా గుర్తుందన్నట్టు తల ఊపింది. కొంగు సర్దుకుని, ఫోనులో మాట్లాడినట్టే గొంతు పెంచింది.

"రోజూ వస్తాయండి. పని జరిగిందండి. మేం సంతోషంగా ఉన్నాం."

లూర్దెస్ గ్లోరి వైపు తిరిగి ఎదురుచూస్తోంది. పక్కనే అంకారావు నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. మాట మారిస్తే పట్టేస్తాడు. గ్లోరి ఆ మాటల్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఫిర్యాదు చేస్తే ఎవరైనా వచ్చి చూస్తారా అన్నది తర్వాత ప్రశ్న. గ్లోరమ్మ వస్తుందండి, పిలిచిన వెంటనే వస్తుంది, మా పనులన్నీ చేసిపెడుతుంది, అలాంటి పిల్ల ఎక్కడా ఉండదు అంది చిట్టెమ్మ. శౌరయ్య అదే అన్నాడు. అటుపక్క ఆమె, ఇటుపక్క ఆమె అందరూ అదే అన్నారు. మంచం మీదినుంచి ఏసోబు కూడా చెయ్యెత్తి, ఏ లోటూ లేదమ్మా అన్నాడు. గ్లోరి తన పొగడ్తల్ని తనే వరసగా ఇంగ్లీషులోకి తిప్పుతూ పోయింది. అంకారావు ముఖం విప్పారింది. జేబురుమాలు తీసి హాయిగా మెడ తుడుచుకున్నాడు.

ఇక్కడితో ఊరుకుంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, పేరు ఉంటుంది, రికార్డు పచ్చగా ఉంటుంది. ఈవిడ కారెక్కి పోతుంది. అది తట్టగానే గ్లోరికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఏసోబు చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆమె ఇంగ్లీషులో చెప్పేసింది. ఇంతవరకూ నేను చెప్పింది వాళ్ళ మాట, ఇప్పుడు చెప్పేది నా మాట అంది. ఈ నీళ్ళు ఈ పూట మీకోసం తిప్పినవి. రోజూ రావు. ఈ మాటలు వాళ్ళకు నేర్పింది నేను. వాళ్ళ ఫోన్లు తీసుకుని ఫిర్యాదులు మూసేసింది నేను. మీకు దరఖాస్తులో రాసిందే నిజం.

అంకారావు రుమాలు మెడ మీదే ఆగిపోయింది. ఒక్క క్షణం తర్వాత తేరుకుని, అమ్మాయి బాగా అలిసిపోయి ఉందండి, ఎండ దెబ్బ అని ఇంగ్లీషులో సర్దబోయాడు. లూర్దెస్ ఆయన్ని చెయ్యెత్తి ఆపింది. గ్లోరి ముఖంలోకి చూసి, నువ్వు నాకు చెప్పింది ఆమెకు చెప్పు, అది నిజమేనా అని ఆమెనే అడుగు అంది.

గ్లోరి చిట్టెమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె చేతులు పట్టుకుంది. అవి మామిడిజీడి అంటి నల్లగా గరుకుగా ఉన్నాయి.

"పెద్దమ్మా. నీళ్ళు రావని, నీ ఫోను తీసుకుని నేనే అబద్ధం రాశానని ఈవిడకు చెప్పాను. నిజమేనా అని అడుగుతోంది. ఒక్కసారి నిజం చెప్పు."

చిట్టెమ్మ గ్లోరిని చూసింది. గొడుగు కింద ఉన్న అంకారావును చూసింది. మళ్ళీ గ్లోరి కళ్ళలో తిరుగుతున్న నీళ్ళు చూసింది.

"కాదండి," అంది లూర్దెస్‌తోనే, గట్టిగా. "ఈ పిల్లని ఎవరో భయపెట్టి ఇలా అనిపిస్తున్నారు. ఆమె ఏ తప్పూ చెయ్యలేదు. మాకు నీళ్ళు రోజూ వస్తాయి."

ఆ మాటలు కూడా గ్లోరే ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. చెప్పింది. ఆగి ఆగి చెప్పింది. నువ్వు చెప్పింది నమ్ముతున్నానని లూర్దెస్ కుళాయి వైపు చూస్తూ మెల్లగా అంది. అయినా నా కంటికి కనిపించింది, ఇక్కడివాళ్ళు తమ నోటితో చెప్పిందే నేను రాయగలను, సాయం అడిగే ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి, తమకు లోటుందని తామే చెప్పుకునేవాళ్ళ దగ్గరకు ముందు పోవాలి అంది. గ్లోరి భుజం మీద చెయ్యి వేసి నొక్కి, లేచి కారెక్కింది.

అంకారావు తన బండి దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. అరుస్తాడనుకుంది గ్లోరి. అరవలేదు.

"రేపు ఆఫీసుకు రామ్మా. ఎవరూ ఏమీ అనరు. ఏం జరిగిందని అనడానికి?"

బండి వెళ్ళిపోయింది. సస్పెండు చేస్తానన్నా ఆమెకు అంత దిగులు కలిగేది కాదు. గ్లోరి అరుగు మీద కూలబడింది. చిట్టెమ్మ లోపలికి పోయి ఆ రోజు పట్టిన నీళ్ళే గ్లాసుతో తెచ్చి చేతిలో పెట్టి, పక్కనే కూర్చుంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"బాగానే చెప్పానా అమ్మాయ్?"

గ్లోరి తలెత్తింది.

"నీ మీద ఏదో పన్నారని రాత్రే పోల్చుకున్నాం. నువ్వు అలా మాట్లాడే పిల్లవా? ఈ పిల్లని ఇరికిస్తున్నారు, ఎవరూ నోరు జారొద్దని శౌరయ్య బావ చెప్పాడు. నువ్వెళ్ళాక ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చాం."

రాత్రి గుసగుసలు అవి. తనను ఎలా కడిగెయ్యాలా అని కాదు, ఎలా కాపాడాలా అని. గ్లోరికి ఏడుపు ఆగలేదు. పెద్దమ్మా, నన్నెవరూ ఇరికించలేదు, వాళ్ళొచ్చి ఉంటే నీకు రోజూ నీళ్ళొచ్చేవి, పెదనాన్న మెరక ఎక్కి మోసుకు రావలసిన పని ఉండేది కాదు అని ఏడుస్తూనే చెప్పింది. చిట్టెమ్మ విన్నది. విన్నది అర్థమవుతున్నకొద్దీ ఆమె ముఖంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గింది. మంచం మీదున్న ఏసోబు వైపు ఒకసారి చూసింది. తర్వాత కొంగుతో గ్లోరి చెంపలు తుడిచింది.

"పోనీలే. నీళ్ళు ఎక్కణ్ణుంచైనా తెచ్చుకుంటాం. నువ్వు లేకపోతే ఈయన పింఛను ఎవరు చూస్తారే? ఆస్పత్రిలో మా తరఫున ఎవరు మాట్లాడతారు?"

ఇన్నేళ్ళుగా వాళ్ళకు సర్కారు అంటే గ్లోరే. గొట్టం కాదు, ట్యాంకు కాదు, ఆఫీసు కాదు. ఉన్న ఒక్క మనిషినీ పోగొట్టుకుని, ఎవరో వచ్చి బాగుచేస్తారన్న మాటను వాళ్ళు నమ్మలేకపోయారు. వాళ్ళను తప్పుపట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

కింద బాలశౌరి వాల్వు తిప్పినట్టున్నాడు. కుళాయి ధార సన్నబడి ఒక పక్కకు వాలింది. చిట్టెమ్మ గబగబా లేచింది.

"అమ్మాయ్, ఆగిపోతున్నాయి. ఆ ఖాళీ బిందె ఇటందుకో."

గ్లోరి కళ్ళు తుడుచుకుని, బిందె తెచ్చి కుళాయి కింద పెట్టింది. సగమైనా నిండకముందే నీళ్ళు ఆగిపోయాయి.